దాచి ఉంచిన పేరా

ప్రియమైన మొద్దూ,

జవాబులు ఆలస్యంగా రాస్తున్నానని అలిగావట. ఇక ఆ బెంగ లేదు. మా బీమా కంపెనీ మీటింగుల్లో నోట్సు రాసుకోవడానికి కొత్త సాఫ్ట్‌వేర్ ఇచ్చారు. కంట్రోల్ పట్టుకుని ఒక మీట కొడితే తేదీ పడుతుంది, ఇంకోటి కొడితే హెడ్డింగు వస్తుంది. వేరొకటి కొడితే ముందే రాసి దాచుకున్న పేరా మొత్తం వచ్చి వాలుతుంది. మౌసు ముట్టుకోవడమే మానేశాను. మా మేనేజరు నన్ను చూపించి మిగతావాళ్లను తిడుతున్నాడు. నువ్వూ ఆ పళ్ల డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్లు దేవులాడుకుంటూ కూర్చోక ఇవి నేర్చుకో. బిడ్డ పుట్టేలోపు నేర్చుకుంటే చాలు.

నీ మొగుడు


ప్రియమైన శ్రీవారికి,

ఎలా రాయాలో తెలియడం లేదు. నిన్న క్లినిక్‌లో కౌంటరు దగ్గరే నొప్పి మొదలైంది. నాతో పనిచేసే ఆవిడ ఆస్పత్రికి తీసుకెళ్లింది. బిడ్డ దక్కలేదండీ. ఆడపిల్లట. మీకు ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నారన్నారు. రెండు రోజులు సెలవు పెట్టి రండి. ఏమీ మాట్లాడక్కర్లేదు, పక్కన కూర్చుంటే చాలు.

మీ మొద్దు


ప్రియమైన మొద్దూ,

నీ ఉత్తరం అందింది. కబుర్లన్నీ చదివి కడుపు నిండిపోయింది. నేనిక్కడ కులాసా. పని ఊపిరి సలపనివ్వడం లేదు. వేళకు తిను, బరువులెత్తకు, బిడ్డ జాగ్రత్త. వీలు చూసుకుని వస్తాను.

నీ మొగుడు


ప్రియమైన శ్రీవారికి,

మీ జవాబు నా పక్కనుంచి చదివి అమ్మ లేచి వెళ్లిపోయింది. నేనే సర్దిచెప్పాను. ఈమధ్య మీ ఉత్తరాలన్నీ అక్షరం తేడా లేకుండా ఇలాగే వస్తున్నాయని, పని తొందరలో నాది తెరవకుండానే మీట కొట్టేసి ఉంటారని చెప్పాను. "మా ఆయన అంత రాతిమనిషి కాదమ్మా" అన్నాను. అమ్మ నమ్మలేదు. ఆ ఉత్తరం ఇప్పుడైనా చదవండి. చదివితే ఆగలేరని నాకు తెలుసు. నాకు ఏడుపు ఆగడం లేదండీ. త్వరగా రండి.

మీ మొద్దు


ప్రియమైన మొద్దూ,

ఇది ఒక్కో అక్షరం కొట్టి రాస్తున్నాను. నా తరఫున మీ అమ్మతో వాదించకు. నీ ఉత్తరం వచ్చిన వెంటనే చదివాను. ఆడపిల్ల అన్నచోట కాసేపు ఆగాను కూడా. సెలవడిగితే మేనేజరు ముఖం ఎలా పెడతాడో, వస్తే నీ ఏడుపు ఎన్నాళ్లు భరించాలో ఆలోచించుకున్నాను. ఆ తర్వాతే మీట కొట్టాను. చదవకుండా కొట్టానని చెప్పుకుంటే నీకు హాయిగా ఉండొచ్చు గాని, అది నిజం కాదు.

నేను రావడం లేదు. ఇప్పుడే కాదు, ఇక రాను.

ఆ రోజు ఆ జవాబు పంపబోతుంటే బిడ్డ జాగ్రత్త అన్న ముక్క కంటబడింది. తీసేద్దామనుకున్నాను. అవతల మీటింగుకు పిలుస్తుంటే అలాగే పంపేశాను.

ఉంటాను.