ఏడో స్కిల్

జూన్ 2, సోమవారం

నా కుడి చెప్పు కిర్రుమంటోంది. ఎడమది అనట్లేదు. రెండూ ఒకేరోజు కొన్నవే. నూనె రాస్తే ఇంకా గట్టిగా అంటోంది. కోడలితో చెబితే, మీ నోటికంటే నయమే మామయ్యా అంది.

మనవరాలు ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పాసైంది. ఉద్యోగం కోసం ఆన్‌లైన్‌లో ప్రొఫైల్ పెట్టింది. పక్కింటి స్నేహితురాలు దగ్గర కూర్చుని పెట్టించింది. వచ్చిన పనులన్నీ స్కిల్స్ అని రాయాలట. ఆరు రాసింది. మొదటిది రక్తం తీయడం. సొంత డప్పు కొట్టుకోవడానికి సిగ్గు లేదుటే అన్నా. మరి నీ షాపు బోర్డు మీద సూట్ స్పెషలిస్ట్ అని ఎందుకు రాయించావు తాతా అంది. నలభై ఏళ్ళు టైలర్‌ని. ఒక్క సూటు కుట్టలేదు.

జూన్ 4

షుగర్ టెస్టుకి నా వేలు గుచ్చింది. చీమ కుట్టినంత కూడా లేదు. అయినా అలవాటుగా, నా రక్తం తాగుతున్నావే అని అరిచా. స్నేహితురాలు పడీపడీ నవ్వింది. రోజంతా దాన్ని రక్తం తాగేదానా అనే పిలిచింది.

జూన్ 9, మధ్యాహ్నం మూడు

పెద్ద ల్యాబ్ నుంచి ఫోన్. రేపే ఇంటర్వ్యూ! తెల్లకోటు నడుం దగ్గర నేనే పట్టి కుట్టా. ఇస్త్రీ కూడా నేనే.

జూన్ 10

వస్తూనే గదిలోకెళ్ళి గడియ పెట్టుకుంది. సాయంత్రం కోడలు చెప్పింది. అంతా బాగానే జరిగిందట. చివర్లో పెద్దాయన ప్రొఫైల్ తీసి స్కిల్స్ పైకి చదివాడట. ఏడోది, రక్తం తాగడం. గదిలో నలుగురూ నవ్వారట. ఇది తెల్లమొహం వేసిందట. సొంత ప్రొఫైల్లో ఏముందో చూసుకోని పిల్ల, సీసా మీద పేషెంటు పేరు చూసి అంటిస్తుందా అన్నాడట.



జూన్ 11

స్నేహితురాలే రాసిందని దీని నమ్మకం. పాస్‌వర్డ్ తెలిసింది ఆ పిల్లకే. గుమ్మంలో నిలబెట్టి కడిగేసింది. ఒట్టు, నేను కాదే అని ఆ పిల్ల ఏడ్చుకుంటూ పోయింది.

నన్నెవరూ అడగలేదు. నాకు ఫోన్ కట్ చెయ్యడం కూడా రాదని ఇంట్లో అనుకుంటారు. అలా అనుకునేలా చేసింది నేనే. లేకపోతే గ్యాస్ బుకింగ్ నా నెత్తినేస్తారు.

జూన్ 12

రెండ్రోజులుగా మాటల్లేవు, ఒంట్లో బాలేదా మామయ్యా అంది కోడలు.

జూన్ 14, ఉదయం

షుగర్ చూసింది. నోరెత్తకుండా వేలిచ్చా. ఏంటి తాతా, అరవలేదు, నొప్పెట్టిందా అంది. దాని కళ్ళు వాచి ఉన్నాయి. సిగ్గుతో చచ్చా. షాపులో ఎన్ని జాకెట్లు తప్పు కోశానో. ఒక్కదానికీ పక్కవాళ్ళని తిట్టించలేదు.

జూన్ 15

స్నేహితురాలింటికెళ్ళి మొత్తం చెప్పా. వయసుకి తగ్గ పనేనా తాతయ్యా అని దులిపేసింది. తర్వాత కళ్ళు తుడుచుకుని నాకూ ఒక ప్రొఫైల్ పెట్టింది. మనవరాలి ప్రొఫైల్ కింద, దాని పని తెలిసినవాళ్ళు రాసే ఖాళీ ఉందట. ల్యాబ్ వాళ్ళూ చూస్తారు, అదీ చూస్తుంది, అక్కడ చెప్పు అంది.

జూన్ 16

మైకు నొక్కి చెప్పింది ఇక్కడా దింపుకున్నా:

నా వేలు వందసార్లు గుచ్చింది. ఒక్కసారీ నొప్పెట్టలేదు. ఇంట్లో నా ఒక్కడి రక్తం సీసాలోకి తీసినా, దాని మీద పేరు రాసి, రెండుసార్లు చదివి అంటిస్తుంది. ఏడో స్కిల్ దానిది కాదు. అది స్నానానికెళ్తే దాని ఫోన్ తీసి, సరదాకి మైకు నొక్కి చెప్పింది నేను. తాత. టైలర్. సూటు కుట్టడం రాదు.