బాద్షా తొక్కిన వేలు

సెప్టెంబర్ 9
కొట్టంలో మా దున్న బాద్షాను కడుగుతుంటే అది శ్రీశైలం కాలు తొక్కింది. ఎడమ బొటనవేలు. గోరు ఊడింది. నా కొడుకు కుస్తీ మానేసి ఇరవై ఏళ్లు — ఇంకా పహిల్వాన్‌ననే అనుకుంటాడు.
"ఏం గాలే అమ్మా. బాద్షాగాడు ప్యార్‌తోని తొక్కిండు."
పసుపు, వెన్న పెట్టుకుంటున్నాడు. అవి తుడిచేసి ఇంజెక్షన్‌కు పంపాను.

సెప్టెంబర్ 17
పుండు మానలేదు.

సెప్టెంబర్ 24
సంతోష్‌నగర్ డాక్టరమ్మ. వేలు చూసింది. పాదం మీద నాడి వెతికింది, చాలాసేపు. తర్వాత టేపు తీసి వాడి నడుము కొలిచింది.
"మేడం, దెబ్బ కాలికి. పొట్టకు గాదు" — వాడి నవ్వు బయటి వరకు వినిపించింది.
ఆమె నవ్వలేదు. నడిస్తే పిక్క పట్టేస్తుందా, నిలబడితే తగ్గుతుందా అని అడిగింది. తల ఊపాడు. నాకెప్పుడూ చెప్పలేదు. కొట్టం నుంచి రోడ్డు దాకా నడుస్తూ మధ్యలో ఆగి మీసం దువ్వేవాడు. ఠీవి అనుకున్నాను…
పొట్ట లోపలి కొవ్వు ఊరికే పడి ఉండదట. మంట పుట్టించే పదార్థాలను రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. జ్వరం రాదు, నొప్పి తెలియదు. ఏళ్ల తరబడి ఆ మంటకు రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది, నాళాలు పూడుకుంటాయి, గట్టిపడతాయి. వీడికి షుగర్ తోడు. రక్తం అందని చోట పుండు ఎలా మానుతుంది?
కొవ్వు అంటే శరీరం దాచుకున్న శక్తి — టీచర్‌గా బడిలో ఏటా నేను బోర్డు మీద రాసిన వాక్యం. సగమే నిజం.

సెప్టెంబర్ 25
కోడలు యాదమ్మ ఏడుపు. "గా దున్నను అమ్మేయుండ్రి అత్తమ్మా. అది తొక్కకుంటె గిట్ల గాకపోవు."
దాని తప్పు లేదని చెప్పాను. వినదు. ఒకరి మీద కోపం ఉంటే కాస్త తేలిక కాబోలు.

అక్టోబర్ 1
తాలీంలో కుస్తీ ఎప్పుడో మానేశాడు, పహిల్వాన్ తిండి మానలేదు. చెంబెడు పాలు, మీగడ, నెయ్యి. "సేఠ్ లెక్క ఉన్నవన్నా" అని బస్తీ అంటే ఇంటిల్లిపాదీ మురిశాం. ఇక చిన్న గ్లాసు.
"జైల్ల గూడ ఇంతకన్న ఎక్కువ పోస్తరు."
"పోయి రా. అక్కడన్నా పొద్దున్నే లేపుతరు."
నవ్వాడు. నేనూ.

అక్టోబర్ 6
వేలు నల్లబడుతోంది.

అక్టోబర్ 8
మలక్‌పేట ఆసుపత్రి. స్కాన్. కాలి నాళం రెండుచోట్ల సన్నబడింది. బెలూన్ పంపి తెరుస్తారు. తెరుచుకుంటే ఒక్క వేలు తీసేస్తే సరిపోవచ్చు. లేకపోతే పాదం.
వాడు మెట్ల మీద ఆగి — "సదర్ అయినంక చేపిచ్చుకుంటనమ్మా. తాడు నేను పట్టకుంటె బాద్షాగాడు లేవడు."
వద్దన్నాను. దీపావళి వెళ్లాక దున్నలను ఊరేగించి, తాడెత్తి వెనక కాళ్ల మీద లేపే పండుగ కోసం పాదం పోగొట్టుకుంటాడా?

అక్టోబర్ 13
ఒకచోట తెరుచుకుంది. వేలు తీసేశారు. రెండోచోట… చూద్దాం అన్నారు.

అక్టోబర్ 19
ఇంటికి తెచ్చాం. మనవరాలు కీర్తన టేపు పట్టుకుని వచ్చింది. "నాయనమ్మా, నన్ను గూడ కొలువు." పదహారేళ్ల పిల్ల. కొలిచాను. అన్నీ రాసే నేను ఆ అంకె ఇక్కడ రాయలేను.

అక్టోబర్ 22
సదర్. అమ్మేయమన్న యాదమ్మే బాద్షా కొమ్ములకు రంగు వేసింది, మెడలో గవ్వల దండ కట్టింది. శ్రీశైలం గేటు దగ్గర కుర్చీలో, కట్టు కాలు స్టూలు మీద. తాడు నర్సింగ్ చేతిలో — నా తమ్ముడి కొడుకు.
డప్పులు. నర్సింగ్ తాడు ఎత్తాడు. దున్న కదల్లేదు. మళ్లీ ఎత్తాడు. "ఏంది నర్సింగన్నా, మాట వింటలేదా?" — ఎవరో ఈల వేశారు.
శ్రీశైలం కుర్చీలోంచే అన్నాడు, మెల్లగా — "లే బిడ్డా."
లేచింది. ముందరి కాళ్లు రెండూ గాలిలో. బస్తీ అంతా కేకలు. నేను దున్నను చూడలేదు.
డప్పులు మలుపు తిరిగాక కట్టు విప్పాను. పాదం చల్లగా ఉంది. డాక్టరమ్మ నాడి వెతికిన చోటే వేళ్లు పెట్టాను.
"దొరికిందా అమ్మా?"
ఏదో కొట్టుకుంటోంది. వాడి పాదమా, నా వేళ్లా…