కళ్లు కుట్టే హక్కు

గురువారం మధ్యాహ్నం, అందరూ చూస్తుండగా, మా అక్క, బొమ్మలు కుట్టే కుట్టు పిన్ని చేతిలోంచి పూర్తయిన గుడ్డ ఏనుగును లాక్కుని దాని ఎడమ చెవి విప్పేసింది. పొద్దుటినుంచీ ఆ చెవికి అదే గతి. కాస్త పైకి అంది, పిన్ని పైకి కుట్టింది. కాస్త వెనక్కి అంది, పిన్ని వెనక్కి కుట్టింది. చివరికి అక్కే సూది పట్టి, పళ్లు బిగించి, తన చేత్తో కుట్టింది. కుట్టాక చూస్తే చెవి సరిగ్గా పిన్ని మొదట పెట్టిన చోటే ఉంది. నేరం ఇది. చేసింది మా అక్క. ఆమె పెద్దది కనుకా, కార్ఖానాలో సగం ఆమెది కనుకా ఇది నేరం కాకుండా పోదు.

పిన్ని గొడవ పడలేదు. తన కత్తెరను గుడ్డలో చుట్టి సంచిలో వేసుకుంది. "సోమవారం నుంచి ఇంటి దగ్గరే రవికలు కుట్టుకుంటానమ్మా. ఈ చేతులకి మీ చేతులు కూడా తోడైతే నాలుగవుతున్నాయి, సూది మాత్రం ఒకటే" అని చెప్పులేసుకుని వెళ్లిపోయింది. అమ్మ ఈ గుడ్డ బొమ్మల కార్ఖానా పెట్టిన రోజునుంచీ ఉన్న మనిషి. ఆమె వెళ్లిపోతే మాకు మిగిలేది దూది, గుడ్డపేలికలు, అక్క సలహాలు.

ఇక వీలునామా.

పైన చెప్పిన అక్కకు తమ్ముణ్ణీ, ఇరవైమూడేళ్లవాణ్ణీ, బొమ్మలకు అట్ట నమూనాలు గీసేవాణ్ణీ, అందరిచేతా చిన్నోడు అనిపించుకునేవాణ్ణీ అయిన నేను, సోమవారం ఉదయం టాన్సిల్స్ తీయించుకోబోతూ, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, నాకున్న కోపాన్ని ఏమాత్రం తగ్గించుకోకుండా, ఈ మరణశాసనం రాస్తున్నాను. డాక్టరుగారు నవ్వి, ఇది చిన్నపిల్లలు కూడా చేయించుకుని ఐస్‌క్రీం తింటూ ఇంటికెళ్లే ఆపరేషన్ అన్నారు. చిన్నపిల్లలకు ఆస్తి ఉండదు. నాకుంది: అమ్మ నా పేర రాసిన సగం కార్ఖానా. పైగా బతికి బయటపడ్డా వారం రోజులు మాట్లాడకూడదట. నేను నోరు మూసుకున్న వారంలో అక్క ఎన్ని చెవులు విప్పుతుందో ఊహించుకున్నాక, కలం పట్టక తప్పలేదు.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత మా బావకు, అంటే అక్క భర్తకు, అప్పగిస్తున్నాను. ఆయన సరుకు కట్టి, బండి మీద కొట్లకు చేరవేస్తాడు. నెమ్మదస్తుడు. ఆయన ఏ సందులో మలుపు తిరగాలో కూడా అక్క ఫోనులో చెబుతుంది. పదేళ్లుగా ఒకే సందు. నిన్న ఈ కాగితం చిత్తుప్రతి బల్ల మీద వదిలి భోజనానికి వెళ్లాను. వచ్చేసరికి "అమలు జరిపేది: బావ" అన్న చోట అక్క పెన్సిలుతో "ఆయన మరిచిపోతారు, నేను చూసుకుంటా" అని రాసి పెట్టింది. తన నేరాన్ని విచారించే కాగితాన్ని కూడా తనే దిద్దుతానన్న మనిషిని ఏ చట్టం ఏం చేయగలదు? బావే అమలు జరుపుతాడు. మరిచిపోతే మరిచిపోయిన హక్కూ ఆయనదే.

2. కార్ఖానాలో నా సగభాగాన్ని, అందులోని మిషన్లు, బల్లలు, గుడ్డ తానులతో సహా, కుట్టు పిన్నికీ దూది తాతకూ చెరిసగంగా రాసిస్తున్నాను. దూది తాత బొమ్మల పొట్టలు నింపే మనిషి. సాయంత్రానికి ఆయన కనుబొమల మీద కూడా దూదే ఉంటుంది. ఆయన నింపిన ఎలుగుబంటిని అక్క ఒత్తి చూసి, "ఇంకాస్త తాతా" అంటుంది. ఆయన దాన్ని వీపు వెనక్కి తీసుకెళ్లి, ఏమీ చేయకుండా మళ్లీ ముందుకు తెస్తాడు. "ఆఁ, ఇప్పుడు బాగుంది" అంటుంది. ఈ సంగతి అక్క మొదటిసారి ఇక్కడే చదువుతోంది. తాత మీద కోపగించుకోరాదని కూడా ఈ అంశంలోనే శాసిస్తున్నాను.

3. జబ్బు ఆనవాళ్లు తెలియకుండా మందు వేయకూడదు కనుక, వారసుల ఉపయోగార్థం రాస్తున్నాను. శ్రమ గురించి నేను చదివిన కరపత్రాల్లో పెద్ద పెద్ద యజమానుల గురించి ఉంది. వాళ్ల పొగగొట్టాలు, వాళ్ల కార్లు. మాకు పొగ గొట్టం లేదు, ఇస్త్రీపెట్టె ఆవిరి ఉంది. మా యజమాని కూడా నేల మీదే కూర్చుని, మా పక్కనే, మాకంటే ఎక్కువే పనిచేస్తుంది. అందుకే పోల్చుకోవడం కష్టమైంది. ఇక్కడ పెత్తనం కాఠిన్యంలా రాదు, సాయంలా వస్తుంది. "నువ్వు లే, నేను చేసేస్తా" అంటుంది. పని అప్పగించి భుజం మీంచి తొంగి చూస్తుంది. ఎలా ఉండాలో చెప్పదు, ఇలా లేదని మాత్రం చెబుతుంది. ఆఖరికి మనుషులు పని చేయడం మానేసి ఆమె ముఖం చూడడం మొదలుపెడతారు. మా కార్ఖానాలో ఇప్పుడు అందరికీ బాగా వచ్చిన విద్య అదే. కుట్టు తప్పితే ఎవరికీ తెలియడం లేదు గానీ, అక్క కనుబొమ కదిలితే గది మొత్తానికి తెలుస్తుంది.

4. కళ్ల సంగతి. మా కార్ఖానాలో బొమ్మకు గుండీ కళ్లు కుట్టే హక్కు అక్క ఒక్కదానిదే. తల, తోక, తొండం ఎవరైనా కుట్టొచ్చు. కళ్లు మాత్రం ఆమె చేత్తోనే పడాలి. మొన్న వానల్లో అక్కా బావా అత్తగారికి ఒంట్లో బాగోలేదని వెళ్లారు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో నిలబడి, "నేనొచ్చేదాకా కళ్ల జోలికి ఎవరూ పోవద్దు" అంది. దారులు మునిగి అక్కడే చిక్కుపడ్డారు. ఫోన్లు పనిచేయలేదు. బొమ్మల కొట్టుకు సరుకు పంపాల్సిన రోజు వచ్చింది. లారీవాడు హారన్ కొడుతున్నాడు. నేను కుట్టేద్దామన్నాను. పిన్ని తాత వైపు చూసింది. తాత తలుపు వైపు చూశాడు. అక్క అక్కడ లేకపోయినా ఆమె కనుబొమ అక్కడే ఉంది. చివరికి ఏనుగులు, కుందేళ్లు, ఎలుగుబంట్లు, అన్నీ కళ్లు లేకుండానే లారీ ఎక్కాయి. కళ్లను విడిగా ఒక కవరులో పోసి పంపించాం.

మర్నాటికి ఫోన్లు బాగయ్యాయి. కొట్టావిడ ఫోను చేసింది. "ఏవండీ, మీ జంతువులు ఇంకా నిద్ర లేవలేదేంటి?" అంది. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. కానీ ఆవిడ గడుసుది. బొమ్మల పక్కన రంగు కలాలు పెట్టి, ఎవరి బొమ్మకు వాళ్లనే కళ్లు వేసుకోమంది. ఒక పాప ఏనుగుకు మూడు కళ్లు పెట్టిందట. రెండు రోజుల్లో సరుకంతా అమ్ముడుపోయింది. ఈసారి కూడా కళ్లు లేనివే కావాలంది.

అక్క తిరిగొచ్చింది. విన్నది. ఇప్పటికైనా బుద్ధి వస్తుందనుకున్నాం. మర్నాటినుంచీ కళ్లు లేని ప్రతి బొమ్మనూ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, కళ్లు ఎక్కడ ఉండవో సుద్దముక్కతో గుర్తు పెట్టి, మళ్లీ చెరిపేయడం మొదలుపెట్టింది. ఒక కుందేలును వెనక్కిచ్చి, "దీనికి కళ్లు లేకపోవడం కొంచెం ఎడమవైపుకి పోయింది" అంది. ఇది నేను కల్పించలేదు. తాత అక్కడే ఉన్నాడు. దూది నోట్లో కుక్కుకుని నవ్వాపుకున్నాడు.

5. ఇంతవరకూ అక్కను మా వర్గశత్రువుగానే రాశాను. ఇక్కడ కలం కొంచెం ఆపాలి. నిన్న సాయంత్రం పెట్టెలకు తాళ్లు కడుతూ బావ ఒక మాట చెప్పాడు. నేను పుట్టకముందు, అక్క ఇంకా పరికిణీలు వేసుకునే వయసులో, అమ్మ దగ్గర మొదటిసారి ఒక కుందేలుకు కన్ను కుట్టిందట. ఆ కన్ను ఊడి ఎవరింటి పసిబిడ్డ నోట్లోకో పోయిందట. తల్లి వేలు పెట్టి తీసేసింది. బిడ్డ నవ్వేసింది. అమ్మా నవ్వేసింది. అక్క నవ్వలేదు. ఆ రోజునుంచీ ప్రపంచంలోని ప్రతి కన్నూ తనే పట్టుకుని ఉండాలనుకుంది. కన్ను తర్వాత చెవి, చెవి తర్వాత తోక, తోక తర్వాత బావ మలుపు తిరిగే సందు.

అమ్మ పోయాక నా బడి చొక్కాల గుండీలు అక్కే కుట్టింది. ఒక్కటీ ఊడలేదు. ఇప్పటికీ నేను గుమ్మం దాటుతుంటే రోడ్డు మీదే నిలబెట్టి గుండీలు లాగి చూస్తుంది. ఆపరేషన్ గదిలో తొడిగే చొక్కాకు గుండీలు ఉండవని విన్నాను. ఆమెకు ఆ సంగతి ముందే చెప్పమని బావను కోరుతున్నాను. లేకపోతే నర్సులతో తగువు పెట్టుకుంటుంది.

కనుక తీర్పు ఇది. అక్క భయం న్యాయమైనదే. దాన్ని ఒక్కతే దాచుకోవడం అన్యాయం. సంపదను పంచమని కరపత్రాలు చెబుతాయి. భయాన్ని కూడా పంచుకోవాలని వాటిలో ఎక్కడా చదవలేదు, నేను రాస్తున్నాను. ఇకనుంచి కళ్లు ఎవరైనా కుట్టొచ్చు. కుట్టినవాళ్లే గట్టిగా లాగి చూడాలి. చూశాక బొమ్మ పాదం కింద తమ రంగు దారంతో ఒక్క ముడి వేయాలి. పిన్నికి ఎరుపు. తాతకు నీలం. నాకు ఆకుపచ్చ, ఉంటే. అక్కకు పసుపు. ముడి ఎవరిదో కన్ను వాళ్లది, మాట పడేదీ వాళ్లే. ఒకరి ముడి పడ్డ బొమ్మను ఇంకొకరు విప్పాలంటే, ముందు వాళ్లను అడగాలి. వాళ్లు వద్దంటే చెయ్యి వెనక్కి తీసుకోవాలి.

6. చిన్న చిన్న వస్తువులు. నా కిటికీ పక్క పీట తాతకు. ఆ మూల గాలికి దూది ఎగురుతుందని అక్క ఆయన్ను అక్కడ కూర్చోనివ్వలేదు. ఎగరనీ. నా గొడుగు బావకు, ఏ సందులోంచైనా వెళ్లే స్వేచ్ఛతో సహా. నా కరపత్రాల కట్ట పిన్నికి. ఆమె చదవదు, మిషను కాలు ఊగకుండా కింద పెట్టుకుంటానని ఎప్పటినుంచో అడుగుతోంది. నేను మూడుసార్లు ఉపన్యాసం ఇచ్చి నిరాకరించాను. ఇప్పుడు ఇస్తున్నాను. శ్రామికురాలి మిషనును నిలబెట్టడం వాటికి తక్కువ పనేమీ కాదు.

అక్కకు: నా బల్ల మీదున్న పెద్ద కవరు. అందులో నేను గీసిన ఒక జంతువు నమూనా ఉంది. అది ఏ అడవిలోనూ లేదు, ఏ పుస్తకంలోనూ లేదు. దాని చెవి ఎక్కడ ఉండాలో నాకే తెలియదు. అక్క సొంతంగా ఒక బొమ్మ కుట్టి ఏళ్లయింది. అందరి బొమ్మలూ దిద్దడంలోనే ఆమె చేతికి తీరిక లేకపోయింది. మా అందరిలోకీ మంచి చెయ్యి ఆమెదేనని రాయడానికి నాకు ఒళ్లు మండుతోంది. అయినా నిజం కనుక రాస్తున్నాను. గుడ్డ కత్తిరించడం దగ్గర్నుంచి కన్ను దాకా ఆమే కుట్టాలి. మేమెవరం వెనక నిలబడం. అడిగినా సలహా చెప్పం.

7. నేను బతికితే రెండో అంశంలో చెప్పిన నా భాగం నా దగ్గరే ఉంటుంది. మిగతా అంశాలు మాత్రం నేను చచ్చినా బతికినా రేపటినుంచే అమల్లోకి వస్తాయి. బతికుండగా వీలునామా చెల్లదని పక్క కొట్టు గడియారాలాయన అన్నాడు. అన్యాయానికి రోజూ చెల్లుబాటు ఉన్నప్పుడు న్యాయం నా చావు కోసం కాచుక్కూర్చోవాలా?

8. కనుక పైన చెప్పిన అందరూ రేపు, ఆదివారం, సాయంత్రం నాలుగింటికి కార్ఖానాలో చేరాలి. నేను ఏడింటికి ఆసుపత్రిలో ఉండాలి, ఆలస్యం చేయవద్దు. పిన్నిని పిలవడానికి ఎవరినీ పంపకూడదు. అక్కే స్వయంగా వాళ్లింటికి వెళ్లి పిలవాలి. వెళ్లాక అక్కడ రవికలు ఏవైనా కనిపిస్తే వాటి కుట్లు చూడకూడదు. పిన్ని వచ్చి, తనకిష్టమైతే, ఒక బొమ్మకు కళ్లు కుట్టి, లాగి చూసి, ఎర్ర ముడి వేసి, పెట్టెలో పెట్టి మూత వేస్తుంది. పెట్టెకు తాడు అక్క కడుతుంది. మూత ఎత్తకుండా కడుతుంది.

రండి. నాలుగింటికి. గుండీలు ఎవరి చొక్కాకు వాళ్లే చూసుకుని రండి.

శనివారం, పన్నెండో తేదీ, పగటివేళ, నా చేవ్రాలుతో,
చిన్నోడు

సాక్షులు:
గడియారాలు బాగుచేసేవాడు. (నా ఎదుటే సంతకం చేశాడు. గొంతు వాచి ఉన్నా అరుస్తూనే చేశాడు.)
తాళంచెవులు చేసేవాడు. (చదివాను. నాకు ఇందులో ఏమీ రాయలేదు, అందుకే సాక్షిగా పనికొస్తానన్నారు. ఇప్పుడే మీ అక్కగారు చెప్పుల్లేకుండా పిన్ని వాళ్ల వీధి వైపు వెళ్లడం చూశాను. రేపు నాలుగింటికి నేనూ వస్తాను.)