సిస్టరమ్మ చట్రం

పిన్నీ, వందనాలు. నువ్వు పోయి నాలుగేళ్లు దాటింది. బాగున్నావా అని అడగాలనే ఉంది... అడిగితే నవ్వుతావు.

ఇక్కడ కలకత్తాలో, ఏక్‌బాల్‌పూర్‌లో మన క్వార్టర్లు అలాగే ఉన్నాయి. గోడల పెచ్చులు ఇంకొంచెం ఊడాయి, అంతే. అమ్మకు మోకాళ్లు పనిచేయడం లేదు గానీ, నోరు బాగానే పనిచేస్తోంది.

మా సుశీల న్యూ టౌన్‌లో ఒక ఆఫీసులో చేరింది. దానికి దగ్గర్లోనే గ్రాఫిక్ డిజైన్ చరిత్ర మీద ఎగ్జిబిషన్ సిద్ధం చేస్తున్నారు. అక్కడ పనిచేసే స్నేహితురాలితో లోపలికి వెళ్లి, ఒక పోస్టరు ఫొటో తీసి పంపింది. ఇవి తెలుగు అక్షరాలేనా అని అడిగింది. ఎర్ర రంగులో, కాగితం నిండా... దాలయ్య. మా నాన్న పేరు. సొంత తాత పేరు చదవలేకపోయింది నా కూతురు! ఎవర్ని తిట్టను?

దాని కింద చీటీ మీద ఏం రాశారో తెలుసా? వృత్తాలు, వంపుల కూర్పు అట. వేసినవారెవరో తెలియదట. ఆ చీటీలో నువ్వూ లేవు, నాన్నా లేడు.

నాన్న మ్యాన్‌హోల్‌లోకి దిగి పైకి రాని ఆ రోజు, నువ్వు సిస్టరుగా ఉన్న కాన్వెంటు నుంచి చట్రం మోసుకుని వచ్చావు. చెక్కకు బిగించిన పట్టుగుడ్డ. కింద పేరు ఆకారంలో కత్తిరించిన కాగితం అతికించి, పైన సిరా పోసి, రబ్బరు పట్టీతో ఒక్క లాగు లాగితే పేరు దిగేది. మన కాలనీలో అలా పోయిన ప్రతి మనిషికీ చేశావు. అంత్యక్రియల పూజ వేళకు చర్చి గోడ నిండా అతని పేరే. శిలువ బొమ్మ లేదు, వాక్యం లేదు. ఫాదర్ గొణిగితే ఏమన్నావు? "దేవుడికి ఈడి పేరు తెల్సు ఫాదర్. ఈ ఊరికే తెల్దు."

నీ పేరు మాత్రం ఏ మూలా వేసుకోలేదు. అడిగితే కసిరావు. "నా పేరేటికే? నాను బతికున్నాను కదేటి!"

ఇప్పుడు లేవు కదా పిన్నీ. అందుకే ఒళ్లు మండింది. చట్రం చంకన పెట్టుకుని బస్సెక్కాను. అన్నట్టు, నువ్వు పోయాక అమ్మ దాని మీద వడియాలు ఎండబెట్టేది... ఎంత మొత్తుకున్నా వినలేదు. కింద నుంచి కూడా గాలి ఆడుతుందట!

ఎగ్జిబిషన్ చూసుకునే బెంగాలీ అమ్మాయి మంచిది. నేను నిన్ను పిన్నీ అన్నట్టు మాషీ అని పిలిచి కుర్చీ వేసింది. చట్రాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుంది. పేరు మీద పేరు, దాని మీద ఇంకో పేరు... ఎంత కడిగినా పోని మరకలు. వాటి మధ్య నాన్న. గోడ మీది పోస్టరుతో వంపు వంపూ సరిపోయింది. ఆ పిల్ల కళ్లు తుడుచుకుంది. ఇది ఇక్కడ ఉంటే అదే రుజువు, చీటీ మీదా పుస్తకంలోనూ మీ పిన్నిగారి పేరు వేస్తామంది. ఉంచి వచ్చాను. దారి పొడుగునా నీ పేరే అనుకుంటూ వచ్చాను.

ఆ వారంలోనే పోలమ్మ కొడుకు చిన్నారావు పోయాడు. మ్యాన్‌హోల్‌లోనే... ఇంకా మనుషుల్ని దింపుతూనే ఉన్నారు, నమ్ముతావా? కాంట్రాక్టరు తాడు కూడా ఇవ్వలేదు. పోలమ్మ ఏడవలేదు. మా గుమ్మంలో కూర్చుని, సిస్టరమ్మలా వాడి పేరు వేయమంది. ఫ్లెక్సీ కట్టిద్దామంటే తల అడ్డంగా ఊపింది. వాళ్ల నాన్న పేరు పడిన గుడ్డ మీదే వాడి పేరూ పడాలట.

చట్రం కోసం మళ్లీ న్యూ టౌన్ వెళ్లాను. ఆ పిల్ల తప్పేమీ లేదు. వాడితే రుజువు పోతుంది మాషీ, పైవాళ్లు ఇక పేరు పెట్టనివ్వరు అని బతిమాలింది. ఏం చేయమంటావు? నువ్వెప్పుడైనా సూటిగా జవాబు చెప్పావా?

తెచ్చేశాను.

గుడ్డ కన్నాలన్నీ పాత సిరాతో, అమ్మ వడియాల పిండితో పూడిపోయాయి. కిరసనాయిలు పోసి రుద్దక తప్పలేదు. రుద్దుతుంటే నాన్న పేరు నా చేతుల కిందే కరిగిపోయింది. ఏడ్చాను పిన్నీ, బాగా ఏడ్చాను. అమ్మ పక్కన కూర్చుని తనూ రుద్దింది.

మర్నాడు చర్చి గోడ నిండా చిన్నారావు. పోలమ్మకు చదువు రాదు. ఒక్కో అక్షరాన్నీ చేత్తో తడిమింది. అప్పుడు ఏడ్చింది.

ఎగ్జిబిషన్ తెరిచారు. చీటీ మారలేదు. సుశీలకు ఆ మూడక్షరాలూ నేర్పి పంపాను. పోస్టరు ముందు నిలబడి పైకి చదివిందట... జనం వెనక్కి తిరిగి చూశారట.

నీ పేరు చరిత్రకెక్కలేదు. నా వల్లే ఎక్కలేదు. నువ్వుంటే మెచ్చుకునేదానివో, వీపు మీద ఒకటి వేసేదానివో... తెలియదు.

చట్రం కడిగి ఎండలో పెట్టాను. అమ్మ ఇక దాని మీద వడియాలు పెట్టనంది. మళ్లీ దాని అవసరం రాకూడదని నువ్వక్కడ ప్రార్థన చెయ్యి పిన్నీ.

వస్తే మాత్రం... వేస్తాను.

మీ అక్క కూతురు,
మరియమ్మ