ఎద మీది వెంట్రుకలను తలనీలాలుగా తీసుకొనుట గురించి

కార్యనిర్వహణాధికారి గారికి,
గుట్ట మీది వీరభద్రస్వామి దేవస్థానం,
ఓర్వకల్లు మండలం.

అయ్యా,

విషయం: మా తమ్ముడు హనుమేష్ సగంలో వదిలిన మొక్కు పూర్తి చేయుటకు అనుమతి కోరుట.

నేను కల్లూరు నివాసిని. పెండ్లి చేసుకోలేదు. తమ్ముడు, నేను ఒకే ఇంట్లో ఉంటాము. విన్నవించునది ఏమనగా:

1. తొమ్మిదేండ్ల కిందట తమ్ముడు తన బట్టతలకు ఎద మీది వెంట్రుకలు తీయించి నాటించుకున్నాడు. రెండేండ్లు సంతోషంగా ఉన్నాడు. తరువాత తెలిసినది, అవి బొటనవేలి కణుపంత పెరిగి ఆగిపోతాయని. దువ్వితే ఒరగవు. కొన్ని రాలినవి, మిగిలినవి నెరిసినవి. ఎద మీద తీసిన చోటల్లా తెల్లచుక్కలు నిలిచిపోయినవి.

2. పోయిన ఏడు వాడు బండి మీద నుంచి పడి బతికినందుకు తలనీలాలు మొక్కుకున్నది నేనే. శివరాత్రి ముందు సోమవారం వచ్చితిమి. కల్యాణకట్టలో క్షురకుడు కత్తితో ఒక వరుస గీసి, వెంట్రుకలు వేళ్ళ మధ్య నలిపి, "ఏమప్పా, ఇది తలవెంట్రుక గాదే! ఎదది పెరికి ఈడ నాటినారా?" అని గట్టిగా అడిగినాడు. "అట్లయితే తలవి యాడ నాటుకున్నావప్పా?" అని వెనక వరుసలో ఎవరో అన్నారు. అందరూ నవ్వినారు. తమ్ముడు తడితలతోనే లేచి వచ్చేసినాడు.

3. టికెట్ల కిటికీ వద్ద గుమాస్తా గారిని అడిగితిని. "శరీర రోమములు తలనీలముల కింద వచ్చునో రావో నిబంధనల్లో లేదమ్మా, పై అధికారికి అర్జీ పెట్టుకో" అన్నారు. కావున ఈ అర్జీ.

4. మిరప నారు ఒకచోట పోసి ఇంకోచోట నాటుతాము. కాయ మాత్రం నాటిన చేనిదే అంటాము. తొమ్మిదేండ్లు ఆ తల నెత్తురు తాగిన వెంట్రుక ఆ తలదేనని నా మనవి.

5. ఈ అంశము నిబంధనలలోనిది కాదు, మన్నించవలెను. ఆ రోజు నుంచి తమ్ముడు గడప దాటలేదు. కాలిన మోటార్లకు తీగ చుట్టే పని మానినాడు. కంచం గదిలోకి తీసుకుపోతాడు. "ఏమన్నా మాట్లాడప్పా" అంటే, "నువ్వు దేవునితో మాట్లాడుకోక్కా" అంటాడు. దేవుడు వింటాడు గానీ, నువ్వు తిన్నావా అని అడగడు కదయ్యా.

నిన్న మాత్రం తలుపు సందులోంచి, "ఎవరూ లేనప్పుడైతే వస్తానక్కా. మొత్తం గీకేయమను, ఇంగ సాలు" అన్నాడు.

కనుక ఒక రోజు కల్యాణకట్ట తెరవక మునుపు మాకు కొంచెం సమయం కేటాయించి, నవ్వని క్షురకుని ఒకరిని నియమించవలెనని ప్రార్థన.

తమరు చిత్తగించి, అవునో కాదో ఒక్క ముక్క రాయించవలెను. వాడు మనసు మార్చుకొనక మునుపే రాయించవలెను.

తమ విధేయురాలు,
శివలీల

మరొక మనవి: టికెట్లు రెండు కావలెను. రెండోది నాకు. మేము షేర్ ఆటోలో ఇల్లు చేరాలి. గుండ్లు రెండైతే వాడినొక్కణ్ణే ఎవరూ చూడరు. వాడికి చెప్పలేదు, తమరూ చెప్పవద్దు.