ఖాళీ ఛానల్ మీద మన ఊరి బడి

అన్నా,

నువ్వు పోయిన రోజు మళ్లీ వచ్చింది. ఈసారి మాత్రం ఎగిరి గంతేసే వార్త చెబుతాను. మన ఊరికి ఇంటర్నెట్ వచ్చింది!

ఇక్కడ మనమున్న అస్కర్ కూలీల క్యాంపు మిద్దె మీద టీవీ యాంటెన్నా తిప్పుతూ, చుక్కలు తప్ప ఏమీ రాని ఛానళ్లు చూసి, "గిన్ని ఖాళీగ పడున్నయి, దేనికన్న వాడుకోవచ్చు గద తమ్మీ" అనేవాడివి. అదే జరిగింది. ఒక ఇంజినీరింగ్ కాలేజీ వాళ్లు అలాంటి ఖాళీ ఛానల్ మీదుగా, తీగ లేకుండానే, మన బడికి ఇంటర్నెట్ పంపారు. ప్రయోగం అయిపోగానే, బడి మీద బిగించిన సిగ్నల్ పెట్టె తీసుకుపోతామన్నారు. దాన్ని కొనడం ఒక్క ఇంటి వల్ల అయ్యేది కాదు. ఆ బడిలోనే పాఠాలు చెప్పే వదిన గడపగడపా తిరిగింది. "పెట్టె బడి మీదనే ఉంటది, అందరం వాడుకుందాం. తలా ఇంత ఏస్కుందాం" అని ఊరిని ఒప్పించింది. పెట్టె ఉండిపోయింది.

ఈరోజు శుక్రవారం, నాకు సెలవు. ఉమ్మ్ అల్ హస్సామ్‌లోని నెట్ సెంటర్‌కు పరుగెత్తాను. తెర మీద, మన బడిలో నుంచి వదిన!

"మంచిగ కనవడుతున్నవ్ రవీ!" అని అరిచింది. నేనూ అరిచాను. పక్కనున్న మలయాళీ భాయ్ నవ్వేశాడు.

తర్వాత నువ్వు చూడని నీ బిడ్డ ముందుకొచ్చింది.

"చిన్నాయినా, మా నాయిన పనిచేసిన దుబాయి గిదేనా?"

"గిదే బిడ్డా" అన్నాను. మన ఊరికి అరబ్బు దేశాలన్నీ దుబాయే కదా.

కెమెరాను కిటికీ వైపు తిప్పాను. బయట ఎండ, వీధి, సెలవు రోజున నిలబడి కబుర్లాడుకుంటున్న మనవాళ్లు. కళ్లార్పకుండా చూసింది.

బొమ్మ ఒక్కసారి కూడా ఆగలేదన్నా!