చప్పిడి మొక్కు, రక్తపరీక్ష

పాండిచ్చేరి,
ఆదివారం.

అక్కకు తమ్ముడు రత్నం నమస్కారాలు. నువ్వూ బావా పిల్లలూ కులాసా అని తలుస్తాను. నేనూ కులాసాయే, కంగారు పడవద్దు. మిల్లులో పని మామూలే. పగలంతా ఉక్క, సాయంత్రం వాన.

నా రక్తపోటు తగ్గాలని మొక్కి, నలభై రోజులు చప్పిడి తినమని రాశావు కదా. అలాగే తింటున్నాను. నేనే వండుకుంటాను కాబట్టి ఇబ్బంది లేదు. ఈ మధ్యలో ఆస్పత్రిలో రక్తం తీశారు. మూత్రపిండాల నుంచి వచ్చే రెనిన్ అనే హార్మోను ఎక్కువగా ఉందట. మూత్రపిండానికి వెళ్ళే రక్తనాళం ఇరుకైందేమో, మద్రాసులో ఆపరేషన్ చేయించుకోవాల్సి రావచ్చు అన్నారు.

నిన్న డాక్టరు రోజూ ఏం తింటున్నావని అడిగితే, మొక్కు మొదలైననాటి నుంచి ఏ రోజు ఏం తిన్నదీ రాసుకుంటున్న నా లెక్కల పుస్తకం ఇచ్చాను. ఆయన తమిళాయన, నన్నే చదివి చెప్పమన్నారు. ఇరవై ఏడు రోజులూ ఉప్పు లేదనే ఉంది.

"ఏమయ్యా, ఇది ముందే చెప్పొద్దా?"

"ఉప్పు ఎక్కువ తింటావా అని అడిగారు. లేదన్నాను."

"బాగుంది! ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టినా నోరు తెరిచేవాడివి కాదు."

ఉప్పు బాగా తగ్గితే, ఒంట్లో ఉన్న కాస్త ఉప్పూ పోకుండా మూత్రపిండాలు ఆ హార్మోను ఎక్కువ వదులుతాయట. అది రక్తనాళాలను బిగిస్తుందట. ఉప్పు తింటే హార్మోను తగ్గుతుందట. అందుకని నాకు పెరిగింది జబ్బు వల్లనో చప్పిడి వల్లనో చెప్పలేమన్నారు. ఐదు రోజులు అందరిలా ఉప్పు తిని వస్తే మళ్ళీ రక్తం తీస్తారు.

నాకేమీ పాలుపోవడం లేదక్కా. రక్తపోటుకు ఉప్పు తగ్గించమన్నదీ ఈయనే. రెండుసార్లు అడిగి, ఇంటికొచ్చి రాసుకున్నాను. చదివితే మళ్ళీ మొదటికే వచ్చింది. పక్కింటి సరోజమ్మ నవ్వుతోంది: "ఏంది రత్నం, యాడన్నా రక్తపోటోణ్ణి ఉప్పు తినమంటారా? నువ్వు సరిగ్గా విన్నావా?" విన్నాననే అనుకుంటున్నాను.

రక్తం తీసేది రేపు కాదు, పై సోమవారం. ఈ బుధవారం నుంచే ఉప్పు తినాలి. ఈ ఉత్తరం నీకు అందేదీ ఆ రోజుకే. నీ జవాబు కోసం ఆగితే ఆపరేషన్ దాకా పోతుందేమోనని భయం. ఆగకపోతే మొక్కు తప్పుతుంది. రేపూ ఎల్లుండీ చప్పిడే తింటాను. బుధవారం కూరలో ఉప్పు వేసుకుంటాను. కోప్పడవద్దు. మిగిలిన పది రోజులూ పరీక్ష అయిన మర్నాటి నుంచి తీరుస్తాను. మొదటి నుంచి చేయమన్నా చేస్తాను.

బావకూ, వాళ్ళమ్మగారికీ నా నమస్కారాలు. పిల్లలకు ముద్దులు. నన్ను దీవించు.

మొక్కింది నువ్వు కాబట్టి స్వామికి ఈ సంగతి నువ్వే చెప్పాలి. ఆయనతో మాట్లాడటం నాకు చేతకాదు.

నీ తమ్ముడు,
రత్నం